ఒక బెంచీ మీద ముగ్గురు కోచ్‌లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను వనపర్తి నుంచి గద్వాలలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలకు ఫిజికల్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. కళాశాలలో ఆటల బాధ్యత చూసే అధ్యాపకుణ్ణి ఫిజికల్ డైరెక్టర్ అంటారు. విద్యార్థులకు మాత్రం పీడీ సార్. చేరిన రోజున ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోబెట్టి, ఇక్కడ బాస్కెట్‌బాల్ జట్టు బాగుందని, దాన్ని చూసుకోవడానికి ఇప్పటికే ఇద్దరు ఉన్నారని, కాబట్టి నేను పెద్దగా కష్టపడాల్సిన అవసరం లేదని చెప్పారు. జట్టు బాగున్న మాట నిజం. ఇద్దరు ఉన్న మాటా నిజం. మూడో మాట ఆ రెండో మాట వల్లే అబద్ధమైంది.

ఆ ఇద్దరి గురించి ముందే చెప్పాలి. మొదటివాడు రాఘవేందర్. క్రీడల శాఖ మా కళాశాలకు కాంట్రాక్టు మీద పంపిన శిక్షకుడు. ఊరు నాగర్‌కర్నూలు దగ్గరి తెలకపల్లి. ముప్పై దాటని వయసు, కోచింగ్‌లో డిప్లొమా, మెడలో ఎప్పుడూ విజిల్. క్యాంటీన్‌లో టీ తాగేటప్పుడు కూడా ఆ విజిల్ తీసేవాడు కాదు. రెండోవారు సువర్ణ మేడం. కామర్స్ అధ్యాపకురాలు. ఆడపిల్లల జట్టు బయటి ఊరికి పోతే వెంట ఒక మహిళా అధ్యాపకురాలు మేనేజర్‌గా ఉండాలన్నది నియమం. ఆ పని టికెట్లు, భోజనాలు, పడక ఏర్పాట్ల వరకే. కాని సువర్ణ మేడం తన విద్యార్థి దశలో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారు. ఆ సంగతి గద్వాలలో తెలియని మనిషి లేడు. తెలియకపోతే మేడమే చెప్పేవారు.

రాఘవేందర్‌ది జోన్ సిద్ధాంతం. అంటే ప్రత్యర్థి బంతితో వచ్చినప్పుడు మన ఐదుగురూ కోర్టులో ఎవరి స్థలాన్ని వారు కాపాడటం. సువర్ణ మేడంది మ్యాన్ టు మ్యాన్. అంటే ఎదుటి ఐదుగురిలో ఒక్కొక్కరికి మనవాళ్లలో ఒక్కొక్కరు కాపలా. ఎదుటి ఆటగత్తె ఎక్కడికి పోతే అక్కడికి మనమూ పోవడం. రెండూ మంచి పద్ధతులే. కష్టమల్లా ఒకే జట్టుకు, ఒకే సాయంత్రం, ఇద్దరూ చెరో పద్ధతి నేర్పడం. పిల్లల వాట్సాప్ గ్రూపులో రాఘవేందర్ బాణం గుర్తులతో బొమ్మలు గీసి పెట్టేవాడు. దాని కిందే మేడం వాయిస్ మెసేజ్ వచ్చేది: "ఆ గీతలు పక్కకు వెట్టుండ్రి. రేపు పొద్దుగాల ఎవరి మనిషిని వాళ్ళు పట్టుకునుడు నేర్పిస్త."

ఇద్దరినీ నా గదికి పిలిచి మాట్లాడాను. విడివిడిగా మాట్లాడాను, కలిపి మాట్లాడాను. నా ముందు ఇద్దరూ తలలూపేవారు. కోర్టు దగ్గరికి పోగానే మళ్లీ మామూలే. రాఘవేందర్‌కు జీతమిచ్చే శాఖ వేరు, నేను ఆజ్ఞాపిస్తే పై అధికారికి చెప్పుకుంటాడు. సువర్ణ మేడం సర్వీసులో నాకంటే సీనియర్, ఆమెకు నేను ఆజ్ఞాపించడమన్నదే లేదు. కాగితం మీద జట్టుకు ప్రధాన శిక్షకుణ్ణి నేనే. నేను మా చర్చి సంఘంలో పెద్దను, చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యం వింటూ పెరిగినవాణ్ణి. చేతులు దించితే తన జనం ఓడిపోతారని, యుద్ధం జరిగినంత సేపూ మోషే చేతులను ఇద్దరు మనుషులు చెరోపక్క ఎత్తి పట్టుకున్న సంగతి సండే స్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నా చేతులనూ ఇద్దరు చెరోపక్క పట్టుకున్నారు. కాకపోతే చెరోపక్కకు లాగారు. రోజూ పొద్దున బంతులు పెట్టే స్టోర్ గదిలో నేను ఒంటరిగా ప్రార్థన చేసుకునేవాణ్ణి. అందులో వారిద్దరి పేర్లు తప్పక ఉండేవి. జట్టును గెలిపించమని నేనెన్నడూ అడగలేదు. ఒక్క రోజైనా ఆ ఇద్దరి నోటా ఒకే మాట వచ్చేలా చేయమని అడిగాను.

జట్టు కెప్టెన్ మహేశ్వరి. బీఏ ఆఖరి సంవత్సరం. బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోయి, ఎవరికి అందివ్వాలో నిర్ణయించే స్థానం ఆమెది. పొట్టి పిల్ల. చేతులు మాత్రం చాలా చురుకు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక డౌట్. మ్యాచ్‌ల ఎవరి మాట ఇనాలె?"

"ఇద్దరి మాటలో మంచిది వినాలి" అన్నాను. నాకే నచ్చని జవాబు.

"గట్ల గాదు సార్. మేమొకటి అనుకున్నం. సోమ, బుధ, శుక్రారాలు రాఘవేందర్ సార్ మాట. మంగళ, బేస్తారం మేడం మాట. ఫైనల్ ఏ వారం వడ్తదో జర ముందుగాల చెప్తే, గా దినం ఎవరిదో చూసుకుంటం."

వెనకాల నిలబడ్డ పిల్లలు నవ్వు ఆపుకోలేక తువాళ్లలో మొహాలు దాచుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఫైనల్ శనివారం. ఆ వారం ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

మహేశ్వరి ఆట వెనక ఉన్న సంగతి ఆగస్టులో తెలిసింది. వాళ్ల ఊరు మల్దకల్ దగ్గర. తండ్రి తిమ్మప్ప చిన్న కమతం కౌలుకు తీసుకుని సీడ్ పత్తి పెడతాడు. గద్వాల చుట్టుపక్కల ఈ విత్తనప్పత్తిదే పెద్ద సేద్యం. ఆడ చెట్ల మొగ్గలను సాయంత్రం పూట చేత్తో విప్పి సిద్ధం చేస్తారు. మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి వాటి పుప్పొడిని వీటికి అద్దుతారు. దీన్ని అందరూ క్రాసింగ్ అంటారు. సన్నటి వేళ్లతో, ఓపికతో చేయాల్సిన పని కనుక ఆడపిల్లలే ఎక్కువగా చేస్తారు. ఆ రోజుల్లో మా హాజరు పట్టీల్లో సగం పేర్ల పక్కన సున్నాలే. అంతర కళాశాలల పోటీలు కూడా సరిగ్గా క్రాసింగ్ ముమ్మరంగా ఉన్నప్పుడే వచ్చి పడతాయి. ప్రతి ఏడూ అంతే. వేళాపట్టిక తయారుచేసేవారెవరూ పత్తి చేను చూసి ఉండరు.

కూతుర్ని ఇంటికి తీసుకుపోవడానికి తిమ్మప్ప కళాశాలకు వచ్చాడు. ఆమెను హాస్టల్‌లోనే ఉంచమని నేను అడిగాను. ఈ పోటీల్లోనే విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారని, ఆ పన్నెండుగురిలో పేరు వస్తే బీపీఈడీలో క్రీడల కోటా కింద సీటు దొరికే అవకాశం పెరుగుతుందని, ఆ చదువు చదివితే బడిలో ఆటల టీచరు కావచ్చని వివరించాను. అతను అంతా విని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"సీజన్ అయితే మేం పూనకు పోతం సార్, బిల్డింగ్ పనికి. ఈ పిల్లను గూడ తోల్కపోదామనుకున్నం. మీరు గింత చెప్తున్నరు గనక చేన్ల దీని బదులు కూలిమనిషిని వెట్టుకుంట. జట్ల పేరొస్తే సదువుకోనీ. రాకుంటే మాతోని పూనకే. ఒక్క మాట సార్. గీడ ఉంచి, దీన్ని ఉత్తగ గూసోవెట్టొద్దు."

అలా కూర్చోబెట్టనని మాటిచ్చాను. ఆ పిల్లకు దొరికేది ఒక్క టోర్నమెంటు. అది చెడగొట్టకుండా ఉంటే చాలని నా ఇద్దరు సహాయకులకూ అదే రోజు చెప్పాను. ఇద్దరూ తలలూపారు.

ఆ ఏడు పోటీలు వనపర్తిలో జరిగాయి. మైదానంలో సిమెంటు కోర్టు, పక్కన జట్ల కోసం ఖాళీ చేసిన తరగతి గదులు. మొదటి మ్యాచూ సెమీఫైనలూ గెలిచాం. ప్రత్యర్థులు బలహీనులు కనుక ఎవరి మాట విన్నా గెలిచేవాళ్లమే. ఫైనల్‌లో నాగర్‌కర్నూలు జట్టు. వాళ్లు పొడగర్లు, పద్ధతిగా ఆడేవారు. పైగా ఎంపిక కమిటీలోని సీనియర్ ఫిజికల్ డైరెక్టర్లు కోర్టు పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఇక్కడ ఒక నిబంధన వివరించాలి. ఆట మొదలయ్యే ముందు ప్రతి జట్టు శిక్షకుడు స్కోర్ షీటు మీద సంతకం చేయాలి. అందులో కోచ్ పేరుకు ఒక గడి, సహాయ కోచ్ పేరుకు ఒక గడి ఉంటాయి. సహాయ కోచ్ అంటే ఒక్కరే. అతనికి టైమ్-అవుట్, అంటే ఆట కాసేపు ఆపమని అడిగే హక్కు ఉంటుంది. కోచ్ బయటికి పోవాల్సి వస్తే జట్టును నడిపే హక్కూ ఉంటుంది. బెంచీ మీద ఇంకెవరున్నా కూర్చోవచ్చు. కూర్చునే ఉండాలి కూడా. వాళ్లు లేచి గోల చేస్తే టెక్నికల్ ఫౌలు వేస్తారు. ఆ ఫౌలు గోల చేసినవారి పేరు మీద పడదు, కోచ్ పేరు మీద పడుతుంది. అలాంటివి మూడు పడితే కోచ్ మైదానం విడిచి పోవాలి.

మొదటి రెండు మ్యాచ్‌లకు ఆ గడిలో చెరొకసారి పేరు రాయించాను. ఫైనల్ వంతుల లెక్కలోకి రాదని సువర్ణ మేడం ముందురోజే ప్రకటించారు. రాఘవేందర్ విజిల్ తాడును వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి కూర్చున్నాడు. ఇద్దరూ తేల్చుకుని స్కోరర్‌కు చెప్పండని నేను సంతకం చేసి పక్కకు జరిగాను.

రాఘవేందర్ అన్నాడు: "మేడం పేరే రాయుండ్రి సార్. పెద్దోళ్ళు."

"పెద్దోళ్ళంటె ముసలోళ్ళనా తమ్మీ?" అన్నారు మేడం. "నాకెందుకు? డిప్లొమా నీది. నీ పేరే రాయించుకో."

"డిప్లొమాదేముంది మేడం, యూనివర్సిటీకి ఆడినోళ్ళు మీరు."

"అయ్యో, ఎన్నడో ఆడినం. ఇప్పుడంత మీ కాలం గద."

"లేదు మేడం, మీరుండంగ నేనా?"

మా వైపు మర్యాద ఒకటుంది. ఇష్టమైనదాన్ని అడగ్గానే తీసుకోకూడదు. పెళ్లి బంతిలో లడ్డూ వచ్చినా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దనాలి. వడ్డించేవాడు బలవంతంగా వేయాలి. అప్పుడు తినాలి. ఈ మర్యాద నడవాలంటే ఒకరు వద్దనాలి, ఇంకొకరు బలవంతపెట్టాలి. ఇక్కడ ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టినవారే. ఇద్దరికీ ఆ గడి కావాలి. అవతలివారు మూడోసారి బతిమాలుతారని ఇద్దరూ ఎదురుచూశారు. స్కోరర్ ఓపిక పట్టాడు, కలం మూత పెట్టాడు, తీశాడు. ఇంతలో రిఫరీ పిలిచాడు. స్కోరర్ ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసి షీటు తీసుకుపోయాడు. ఇంతకాలం ఉద్యోగం చేశాను, మర్యాద వల్ల ఒక జట్టు సహాయ కోచ్ లేకుండా దిగడం ఆ ఒక్కసారే చూశాను.

ఆట మొదలైన కాసేపటికే రాఘవేందర్ లేచాడు. "జోన్! జోన్!" అని గాలిలో చేతులతో గీతలు గీశాడు. బెంచీ ఆ చివర నుంచి మేడం గొంతు: "ఎవరి మనిషిని వాళ్ళు పట్టుకోండ్రే!" కోర్టులో మా పిల్లలు ఇద్దరు జోన్‌కు పోయారు, ముగ్గురు మనుషుల వెంట పోయారు. నాగర్‌కర్నూలు అమ్మాయి ఒకతె రింగు కింద ఒంటరిగా నిలబడి, తొందరేమీ లేకుండా బంతి వేసింది. రిఫరీ వచ్చి బెంచీని హెచ్చరించాడు. నేను రాఘవేందర్‌ను చొక్కా పట్టి కూర్చోబెట్టాను. రెండు నిమిషాలకు మళ్లీ లేచాడు. మొదటి టెక్నికల్ ఫౌలు. నా పేరు మీద.

ఆట పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. రెండో క్వార్టర్‌లో మేడం లేచి నేరుగా స్కోరర్ బల్ల దగ్గరికి నడిచారు. మా రెండు పాయింట్లు రాయలేదని వాదన. చూస్తే ఆమె చెప్పింది నిజమే. స్కోరు సరిదిద్దారు. బెంచీ విడిచి వచ్చి వాదించినందుకు ఫౌలు కూడా రాశారు. రెండోది. నా పేరు మీదే.

"రెండు పాయింట్లు తెచ్చిన గద సార్" అన్నారు ఆమె తిరిగి వచ్చి కూర్చుంటూ.

"తెచ్చారు మేడం. దయచేసి ఇంకేమీ తేవద్దు" అన్నాను.

మూడో క్వార్టర్ చివరికొచ్చేసరికి మేం పన్నెండు పాయింట్లు వెనకబడ్డాం. మహేశ్వరికి నాలుగో ఫౌలు పడింది. ఆటగత్తెకు ఐదు ఫౌళ్లు పడితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడటానికి లేదు. ఇప్పుడే కాసేపు కూర్చోబెట్టి చివరికి దాచుకోవాలా, ఏమైతే అదైందని ఆడించాలా అన్నది ప్రతి శిక్షకుడికీ ఎదురయ్యే చిక్కు. నేను ఆలోచిస్తున్నాను. నన్ను ఆలోచించనివ్వలేదు.

"బయటికి తీయుండ్రి సార్, తీయుండ్రి!" అని రాఘవేందర్ లేచాడు.

"తీస్తే బంతి ఎవరు తెస్తరు? నువ్వు తెస్తవా?" అని మేడం లేచారు.

"ఐదో ఫౌల్ వడితే మొత్తానికే పోతది మేడం!"

"సెలెక్షన్‌వాళ్ళు సూస్తున్నరు. పిల్లను గూసోవెడితే ఏం సూస్తరు, బెంచీనా?"

ఇద్దరూ ఆటకు వీపులు పెట్టి, ఒకరికొకరు ఎదురుగా నిలబడి అరుచుకున్నారు. రిఫరీ విజిల్ ఊది, ఒక అరచేయి కింద ఇంకో చేయి నిలబెట్టి టెక్నికల్ గుర్తు చూపాడు. మూడోది.

"పీడీ సార్, మీరు బయటికి పోవాలె" అన్నాడు. పాత పరిచయస్తుడే. మొహం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

"నేను నోరు విప్పలేదు గదయ్యా!"

"మీ బెంచీ ఇప్పింది గద సార్. రూల్ గట్లున్నది. నాకు మీ మీద ఏం కోపం లేదు."

జనం పాపాలన్నీ నెత్తిన వేసి అరణ్యానికి తోలేసే మేక గురించి వాక్యంలో ఉంది. ఆ మేకకు తన తప్పేమిటో ఎవరూ చెప్పరు. నాకు రిఫరీ కనీసం నిబంధన చెప్పాడు.

ఆ తర్వాత రిఫరీ సహాయ కోచ్ ఎవరని అడిగాడు. అప్పుడు రాఘవేందర్, సువర్ణ మేడం ఒకేసారి ముందుకొచ్చారు. మర్యాద అక్కడితో అయిపోయింది. స్కోరర్ షీటు తిప్పి, గడిలో ఉన్న గీత చూపించాడు. కోచ్ పోయి, సహాయ కోచ్ లేకపోతే జట్టు కెప్టెనే కోచ్. నిబంధన అంతే.

"నేనా సార్?" అంది మహేశ్వరి.

"నువ్వేనమ్మా. ఇంక టైమ్-అవుట్ అడగాలన్నా నువ్వే, మనిషిని మార్చాలన్నా నువ్వే" అన్నాడు రిఫరీ. "బెంచీ మీద గోల అయితే అది గూడ నీ పేరు మీదనే రాస్తం."

మహేశ్వరి ఆ ఇద్దరి వైపు తిరిగింది. చేతులు జోడించి మరీ అంది: "సార్, మేడం, మీకు దండం వెడ్త. జర కూసోండ్రి. ఇప్పటిసంది ఫౌల్ నా పేరు మీద వడ్తది."

ఇద్దరూ కూర్చున్నారు. నేను మైదానం దాటి మాకిచ్చిన తరగతి గదికి పోయాను. పంపేసిన శిక్షకుడు కోర్టుకు కనిపించకూడదు. గది కిటికీ అటువైపు రోడ్డు మీదికి ఉంది. గదిలోని బెంచీ మీద కూర్చుంటే విజిళ్లు, బంతి చప్పుడు, జనం కేకలు వినిపించేవి. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. కోపం ముందు వచ్చింది. చాలాసేపు అదే ఉంది.

నాలుగో క్వార్టర్ మొదలైన కాసేపటికి గుమ్మంలో తిమ్మప్ప కనిపించాడు. పొద్దున చేన్లో పని ముగించుకుని బస్సెక్కి వచ్చాడు. చొక్కా జేబు మీద ఇంకా పుప్పొడి పసుపు ఉంది.

"ఏంది సార్, మీరు గీడ గూసున్నరు? ఆట అయిపాయెనా?"

"ఆట నడుస్తోంది. నన్ను పంపించేశారు."

"మిమ్ముల్నా? ఏం జేసిండ్రు?"

"ఏమీ చేయలేదు."

నమ్మినట్టు కనిపించలేదు. గుమ్మంలో నిలబడితే అతనికి కోర్టు కనిపించేది. ఏం జరుగుతోందో చెప్పమన్నాను. ఆట తెలియదు కనుక అతను చూసింది చూసినట్టు చెప్పాడు. ఎవరో తెల్ల బనీను పిల్ల బంతి వేసిందన్నాడు. మనవాళ్లది ఎర్ర బనీను. కాసేపటికి ఎర్ర బనీను వేసిందన్నాడు. తర్వాత ఆగిపోయాడు.

"సార్, మా పిల్ల లోపల లేదు. బయట గూసున్నది."

నేను లేచి, మళ్లీ కూర్చున్నాను.

"ఎవరు తీసేసిండ్రు దాన్ని? మీరు మాటిచ్చిండ్రు గద, ఉత్తగ గూసోవెట్టమని?"

"ఎవరూ తీయలేదు తిమ్మప్పా. తీసే అధికారం ఇప్పుడు ఆమెదే. ఆమే కోచ్."

అతను నా వైపు చూశాడు, కోర్టు వైపు చూశాడు. "అంటే దాన్ని అదే గూసోవెట్టుకున్నదా?"

"అవును."

"తిమ్మప్ప సామీ!" అన్నాడు. వాళ్ల దేవుడి పేరూ అతని పేరూ ఒకటే. "చేన్ల కూలిని వెట్టి, బస్సు కిరాయి వెట్టి, గింత దూరం వస్తే గిదా సూసేది? సెలెక్షనోళ్ళు సూస్తరంటిరి. ఏం సూస్తరు? గూసునుడా?"

నాలుగో ఫౌలు, ఐదో ఫౌలు, చివరి నిమిషాలు అని వివరించబోయాను. అతను వినే స్థితిలో లేడు. చెప్పే స్థితిలో నేనూ లేను. విశ్వవిద్యాలయ జట్టా, పూణేనా అన్నది తేలే పది నిమిషాల్లో సగం ఆ పిల్ల తనంతట తనే బెంచీకి ఇచ్చేసింది. శిక్షకుడిగా చూస్తే అది సరైన నిర్ణయం. నేనుంటే అదే చేసేవాణ్ణేమో. ఆమె తండ్రికి మాటిచ్చినవాడిగా నాకు అది మింగుడుపడలేదు.

అప్పుడు గమనించాను. బయట ఏదో తేడాగా ఉంది. బంతి చప్పుడు ఉంది, విజిళ్లు ఉన్నాయి, జనం ఉన్నారు. కాని జూన్ నుంచి నా చెవుల్లో మోగుతున్న ఆ రెండు గొంతులు లేవు. ఒక్క గొంతే వినిపిస్తోంది. మహేశ్వరిది. అదీ ఎప్పుడో ఒకసారి.

"లక్ష్మీ, నీ సాలు! నీ సాల్లకొచ్చినదాన్ని ఇడవకు! దాటితే పక్కదానికి అప్పజెప్పు!"

పత్తి చేన్లో క్రాసింగ్‌కు పోయే ఆడపిల్లలకు సాళ్లు పంచుతారు. ఎవరి సాలు వారిది. జట్టులో సగంమంది ఆ పని చేసినవాళ్లే కనుక ఆ మాటకు బొమ్మలూ బాణాలూ అవసరం లేకపోయింది. అందులో కొత్త విద్యేమీ లేదు. రాఘవేందర్ స్థలాన్ని కాపాడమన్నాడు, మేడం మనిషిని పట్టుకోమన్నారు. మూడు నెలలు ఇద్దరూ నేర్పిందే అది. కాకపోతే ఇప్పుడు ఒక్క నోటి నుంచి వస్తోంది.

"సార్, మా పిల్ల లోపలికి వోయింది" అన్నాడు తిమ్మప్ప గుమ్మంలోంచి. ఆ తర్వాత అతను నాతో మాట్లాడటం మానేశాడు. కోర్టుతోనే మాట్లాడాడు. "పట్టు, పట్టు! గటు గాదే, గిటు! ఏసెయ్! అరెరె... ఏసింది సార్! ఎర్ర బనీనే ఏసింది!"

చివరి విజిల్ మోగింది. ఎవరు గెలిచారని అడిగితే, అందరూ చప్పట్లు కొడుతున్నారని చెప్పాడు. స్కోరర్‌ను అడిగితే తెలిసింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం. మూడు టెక్నికల్ ఫౌళ్ల వల్ల ప్రత్యర్థులకు దొరికిన మూడు ఫ్రీ త్రోలూ వేసి వాళ్లు మూడు పాయింట్లు తెచ్చుకున్నారు. అవి లేకుంటే ఏమయ్యేదో లెక్క కట్టడానికి గణిత శాస్త్రం అక్కర్లేదు. నా ఇద్దరు సహాయకులకూ ఆ లెక్క ఆ సాయంత్రం నేనే చెప్పాను. కొంచెం గట్టిగా చెప్పాను.

ముగింపు సభలో విశ్వవిద్యాలయ జట్టు పేర్లు చదివారు. తిమ్మప్ప నా పక్కనే కింద కూర్చున్నాడు. ఎనిమిది పేర్లు అయిపోయాయి, తొమ్మిది అయిపోయాయి. పదకొండో పేరు మహేశ్వరిది. అతను చప్పట్లు కొట్టలేదు. కండువా విప్పి, దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నాడు. "అయితే పూనకు మేమిద్దరమే" అన్నాడు.

ఎంపిక కమిటీలోని పెద్దాయన నాకు పాత సీనియర్. సభ అయ్యాక చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"ఏమనుకోకు. మూడు క్వార్టర్ల దాక ఆ పిల్ల పేరు మా లెక్కలనే లేదు. నిమిషానికోపారి మీ బెంచీ దిక్కు సూస్తుండె. ఎట్ల ఆడ్తది? నిన్ను ఎల్లగొట్టినంక ఆ ఇద్దరు నోరు మూసుకున్నరు సూడు, గప్పుడు దొరికింది మాకు పిల్ల. ఎప్పుడు ఆడాల్నో, ఎప్పుడు గూసోవాల్నో తెలిసినోళ్ళు మాకు గావాలె."

గద్వాలకు తిరుగు ప్రయాణంలో మా జీపులో చర్చ మొదలైంది. నాలుగో క్వార్టర్‌లో పిల్లలు ఆడింది జోనేనని రాఘవేందర్ అన్నాడు. దానికి ప్రత్యేకంగా ఒక ఇంగ్లీషు పేరు కూడా ఉందన్నాడు. కళ్లున్నవాళ్లెవరికైనా అది మ్యాన్ టు మ్యాన్ అని తెలుస్తుందని సువర్ణ మేడం అన్నారు. వెనక సీట్ల నుంచి ఎవరో పిల్ల, "సార్, ఇయ్యాల శనారం, ఎవరి వంతూ గాదు" అంది.

మర్నాడు ఆదివారం మా సంఘంలో వాక్యం చెప్పే వంతు నాది. వారమంతా ఓర్పు గురించి సిద్ధపడ్డాను. పొద్దున లేచాక ఆ అంశం మీద మాట్లాడే అర్హత నాకు లేదనిపించింది. బాబెలు గోపురం గురించి చెప్పాను. అక్కడ ఇటుకలకు కొదవ లేదు, పనివాళ్లకూ కొదవ లేదు. పని ఆగింది ఒకరి మాట ఒకరికి అందక. సంఘం వారు శ్రద్ధగానే విన్నారు. నా గొంతులో అంత చిరాకు ఎందుకుందో వారికి తెలియదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది చిన్న విషయమే. జట్టుకు ఎంతమంది నేర్పినా నష్టం లేదు. మ్యాచ్ రోజున మాత్రం బెంచీకి ఒకటే నోరు ఉండాలి. ఆ నోరు ఎవరిదన్నది కాగితం మీద ముందే రాసి ఉండాలి, మర్యాదకు వదిలేయకూడదు. మరుసటి ఏడు మొదటి సమావేశంలోనే సహాయ కోచ్ అని సువర్ణ మేడం పేరు కాగితం మీద రాసి, ఇద్దరికీ చూపించాను. ఆమె మొహమాటానికి వద్దన్నారు. నేను రెండోసారి అడగలేదు. రాఘవేందర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం ప్రాక్టీసు చాలా బాగా జరిగింది.